అందించే చెయ్యి

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి మా ఆస్పత్రిలో గేటు దగ్గర వాచ్‌మన్ మొదలుకొని పెద్ద డాక్టరుగారి దాకా అందరికీ తెలుసు. పేరు మార్త. విజయవాడ సూర్యారావుపేటలో నలభై మంచాల ఆస్పత్రి మాది. ఇరవై రెండేళ్ళుగా అక్కడ ఆపరేషన్ థియేటర్ సిస్టర్‌ని. కత్తి అడిగేలోపు కత్తి, కత్తెర అడిగేలోపు కత్తెర డాక్టరు చేతిలో పెట్టడం నా పని. ఆ పనిలో నన్ను వేలెత్తి చూపినవాళ్ళు పందొమ్మిది వందల డెబ్బై ఐదు ఎండాకాలం దాకా లేరు.

ఆ ఏడు మార్చిలో మంగళగిరి నుంచి సీతారావమ్మ వచ్చింది. నేత పనివాళ్ళు. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. బక్కపల్చటి మనిషి, కుడి డొక్క కింద మాత్రం చెయ్యి పెడితే గట్టిగా కొబ్బరికాయంత గడ్డ తగిలేది. భర్త జక్కయ్య బస్సు దింపి చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. మా సర్జను వెంకటప్పయ్యగారు పరీక్షలు చేశారు, మద్రాసు పంపించి అక్కడ ఫొటోలు తీయించారు, చివరికి జక్కయ్యని గదిలోకి పిలిచి చెప్పారు.

"లివర్లో గడ్డ, జక్కయ్యా. మంచి చోట లేదు. గుండెకి పోయే పెద్ద సిర పక్కనే ఉంది. తీయకపోతే ఆరు నెలలు."

"తీస్తేనండీ?"

"తీయగలిగితే బతుకుతుంది. తీయగలనో లేదో తెరిచి చూస్తేగాని చెప్పలేను."

లివరుకి కత్తి తగిలితే రక్తం ఆగదు. ఎక్కడ కోసినా ఊట బావిలా ఊరుతూనే ఉంటుంది. అప్పట్లో మా వైపు అలాంటి గడ్డ కనపడితే పొట్ట తెరిచి, చూసి, మళ్ళీ కుట్టేసి, దేవుడి మీద భారం వెయ్యమని చెప్పి పంపేసేవాళ్ళు. మా డాక్టరుగారూ అలా ముగ్గుర్ని పంపారు. ఆ ముగ్గురి పేర్లూ ఆయనకి గుర్తున్నాయి. నాకూ గుర్తున్నాయి.

ఈసారి ఆయన చేతిలో పోస్టులో వచ్చిన పత్రిక ఒకటి ఉంది. అందులో కొత్త పద్ధతి రాశారట. కత్తి వాడరు. లివరుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలుపుతూ పోతారు. మెత్తటి కండ చితికిపోతుంది, లోపలి రక్తనాళాలు మాత్రం తెగకుండా పోగుల్లా వేళ్ళకి తగులుతాయి. ఒక్కొక్క నాళాన్నీ రెండు చోట్ల సిల్కు దారంతో కట్టి మధ్యలో కత్తిరించాలి. ముందుగా లివరుకి రక్తం తెచ్చే నాళాల్ని క్లాంపుతో బిగిస్తారు. అయితే ఆ క్లాంపు పదిహేను నిమిషాలు మించి ఉండకూడదు. మించితే మంచి లివరు కూడా చచ్చిపోతుంది. అంటే నలిపేది, కట్టేది, కోసేది, అంతా పదిహేను నిమిషాల్లో అయిపోవాలి.

డాక్టరుగారు ఇంట్లోకి నీచు వాసన కూడా రానివ్వని మనిషి. అలాంటి మనిషి నన్ను పిలిచి, "మార్తా, ఆదివారం చర్చి అయ్యాక వచ్చేటప్పుడు మేక కార్జం పట్టుకురా. ముక్కలు కొట్టనిది" అన్నారు.

"ఉల్లిపాయలు కూడా తెమ్మంటారా?" అన్నాను. ఆయన నవ్వలేదు.

మాంసం కొట్టు లాజరు మా చర్చి మనిషే. ఆరు ఆదివారాలు వరసగా కార్జం చెక్కుచెదరకుండా కట్టించుకుపోతుంటే, "సిస్టరుగారింట్లో ఎవరికండీ రక్తం అంత తక్కువ?" అని అడిగాడు. ఉన్నమాట చెప్తే ఊరంతా చెప్పుకుంటారని, మా ఆయనకి అన్నాను. ఆయనేమో దున్నపోతులా ఉంటాడు.

థియేటర్లో పింగాణీ పళ్ళెంలో కార్జం పెట్టుకుని డాక్టరుగారు నలిపేవారు. నేను సిల్కు దారం ముక్కని ఫోర్సెప్స్ కొసకి తగిలించి అందించేదాన్ని. మత్తు డాక్టరమ్మ రాజ్యలక్ష్మిగారు వాచీ పట్టుకుని నిలబడేవారు. మొదటి ఆదివారం ఇరవై ఏడు నిమిషాలు పట్టింది. రెండో ఆదివారం ఇరవై నాలుగు.

"నేను చెయ్యి చాచాక నువ్వు దారం అందుకుంటున్నావు. అక్కడే ఆలస్యమవుతోంది" అన్నారు డాక్టరుగారు.

ఇరవై రెండేళ్ళ తర్వాత తాతకి దగ్గులు నేర్పుతున్నారనుకున్నాను. "మీ వేళ్ళు నలపడంలోనే ఆలస్యం ఉందేమో చూసుకోండి" అనేశాను కూడా. రాజ్యలక్ష్మిగారు నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగారు.

అయినా మనసులో గుచ్చుకుంది. మర్నాటి నుంచి మధ్యాహ్నాలు, వార్డు నిద్రపోయే వేళ, వరండాలో కూర్చుని సాధన మొదలుపెట్టాను. ఆయా తెరేసమ్మని ఎదురుగా కూర్చోబెట్టి డాక్టరుగారిలా చెయ్యి చాచమనేదాన్ని. ఆవిడ చెయ్యి చాచడమే కాకుండా ఆయనలాగే గొంతు సవరించుకునేది. చూసేవాళ్ళకి మా ఇద్దరికీ పిచ్చి ముదిరిందనే అనిపించి ఉంటుంది.

చూసేవాళ్ళలో సీతారావమ్మ ఉంది. రక్తం పట్టడానికి మందులూ ఇంజెక్షన్లూ ఇవ్వాలని ఆవిణ్ణి నెల ముందే చేర్చుకున్నారు. ఆవిడకి మధ్యాహ్నం నిద్ర పట్టేది కాదు. గోడకి ఆనుకుని మమ్మల్ని చూస్తూ కూర్చునేది.

"సిస్టరుగారూ, ఏమీ అనుకోకపోతే ఒక మాటండి" అంది రెండో రోజు.

"అనుకుంటాను. చెప్పు."

"మీరు తెరేసమ్మగారి చేతి వంక చూస్తన్నారండి. అందుకే లేటయితంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ అదేమీ పట్టించుకోకుండా చెప్పుకుపోయింది. "మా ఇంట్లో పడుగు, అదే మగ్గం మీద నిలువు పోగులు, అతికేది మా అత్తగారండి. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తే, దాని కొసలకి కొత్త పడుగు పోగులు ఒక్కోటీ కలిపి మెలెయ్యాల. రెండు వేల పోగులుంటయ్యండి. ఆవిడికి కళ్ళు కనపడవు, వేళ్ళతోటే అతికిద్ది. రెండు పోగులూ జతచేసి అందించేది నేను. నేను ఆవిడ వేళ్ళ వంక చూశాననుకోండి, అయిందా లేదా అని ఆగుతా. నేను ఆగితే ఆవిడా ఆగిద్ది. అందించేవాళ్ళు అతికేవాళ్ళ చేతుల వంక చూడకూడదండి. ఒక చెయ్యి పోగుతో అక్కడ నిలబడాల, కళ్ళూ రెండో చెయ్యీ తరవాతి పోగు మీద ఉండాల. అందుకునేదాకా చెయ్యి ఎత్తకూడదు."

"రోగివి రోగిలా పడుకో" అన్నాను. తెరేసమ్మ ముందర నాకు తలకొట్టేసినట్టయింది. థియేటరు మొహం చూడని మనిషి, పైగా ఆ థియేటర్లో బల్ల మీద పడుకోబోయే మనిషి, నాకు చెప్పడమేమిటి?

మూడు రోజులు ఆ వరండా వైపు పోలేదు. మూడో ఆదివారం ఇరవై మూడు నిమిషాలు పట్టింది. డాక్టరుగారు చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. సోమవారం మధ్యాహ్నం ఫోర్సెప్సూ దారాలూ తీసుకెళ్ళి సీతారావమ్మ మంచం మీద పెట్టాను. "ఏదీ, చూపించు" అన్నాను, అప్పటికీ గొంతులో దర్జా తగ్గనివ్వకుండా.

ఆ పూట నుంచి ఆవిడ నా పంతులమ్మ. కళ్ళు మూసుకుని చెయ్యి చాచేది, అత్తగారిలా. నేను ఇవ్వాలి. ఒక చేత్తో దారం ఆవిడ వేళ్ళ దగ్గర నిలిపి, రెండో చేత్తో తరవాతి దారం ఫోర్సెప్స్‌కి తగిలించుకోవాలి, తల వంచుకునే ఉండాలి. తల ఎత్తానా, కళ్ళు మూసుకున్న మనిషికి ఎలా తెలిసేదో, గడ్డం మీద చిన్న దెబ్బ పడేది. "ఎత్తారు" అనేది. వార్డులో ఆడవాళ్ళంతా నవ్వేవాళ్ళు. వాళ్ళందరికీ ఇంజెక్షన్లు పొడిచేదాన్ని నేనే కాబట్టి సంతోషం ఇంకాస్త ఎక్కువగా ఉండేది.

తన పొట్ట తెరిచే పనికి తనే నాకు తర్ఫీదు ఇస్తోందన్న సంగతి నాకు నాలుగో రోజుగాని తట్టలేదు. తట్టగానే చేతిలో దారం జారిపోయింది.

"నీకు భయం లేదూ, సీతారావమ్మా?"

"లేకేమండీ. భయమేసే కదా మీకింత విసుగు తెప్పిస్తన్నా" అంది. దారం కొస వేలికి చుట్టుకుంటూ, "నేను లేకపోతే మా అత్తగారు ఎవరు అందించినా కుదరదంటదండి. మా ఆయనకి ఓపిక లేదు. ఆవిడ చేతులు ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూచుంటదేమోనని అదొకటి బెంగ" అంది. నాకు సీతారావమ్మ మీద అంతకుముందు లేని ఇష్టం కలిగింది. పైకి మాత్రం తల వంచుకుని దారం అందించాను.

తరవాతి ఆదివారం పద్దెనిమిది నిమిషాలు. ఆ పై ఆదివారం పదిహేను. ఆరో ఆదివారం పదమూడున్నర. డాక్టరుగారు పళ్ళెం వంక, నా వంక చూసి, "ఏం చేశావు మార్తా?" అన్నారు. "తల వంచుకున్నానండి" అన్నాను. నా నోటి నుంచి ఆ మాట వినడం ఆయనకి అదే మొదలు.

ఆపరేషన్ ఏప్రిల్ ఆఖరి మంగళవారం. జక్కయ్య తన వీధిలోంచి ఆరుగురు నేతగాళ్ళని తెచ్చి రక్తం ఇప్పించాడు. అందులో ఇద్దరు సూది చూసి ముందే పడిపోయారు, లేచాక మళ్ళీ చెయ్యి చాపారు. ఆ సీసాలు ఆరూ మంచుపెట్టెలో పెట్టుకుని పొద్దున్నే ఏడింటికి మొదలుపెట్టాం. మత్తు ఎక్కేముందు సీతారావమ్మ నా వైపు తిరిగి గడ్డం మీద తట్టినట్టు వేలు ఆడించింది. అంతే, కళ్ళు మూతలు పడ్డాయి.

పొట్ట తెరిచారు. గడ్డ అనుకున్నదానికంటే పెద్దది. మిగతా లివరు మాత్రం నున్నగా, బాగుంది. డాక్టరుగారు గడ్డ చుట్టూ వేళ్ళు పోనిచ్చి చాలాసేపు తడిమి, "మొదలుపెడదాం" అన్నారు. క్లాంపు బిగించారు. రాజ్యలక్ష్మిగారు టైము చెప్పారు.

నేను తల వంచాను. అక్కణ్ణించి నాకు తెలిసిందల్లా నా పళ్ళెం, నా దారాలు. ఎడమ చేతిలో దారం ఖాళీ అవడం, కుడి చేత్తో ఇంకోటి తగిలించడం, చెయ్యి మార్చడం. ఆయన వేళ్ళు నలుపుతున్న మెత్తటి చప్పుడు వినపడుతూనే ఉంది. దారాలు పోతున్నాయి. రాజ్యలక్ష్మిగారు "అయిదు" అన్నారు, తరవాత "ఎనిమిది" అన్నారు. నా చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు.

అప్పుడు దారం పోవడం ఆగింది. నా చెయ్యి దారంతో అక్కడే ఉంది. ఎవరూ అందుకోలేదు. ఆయనేదో నాళం వెతుక్కుంటున్నారు కాబోలనుకున్నాను. తరవాతి దారం కూడా సిద్ధం చేసేశాను. ఇంకా అందుకోరు. నాకు విసుగు పుట్టింది. ఈ నెల రోజుల గొడవంతా నా ఆలస్యం గురించే కదా, ఇప్పుడు ఎవరిది ఆలస్యం? తల ఎత్తకుండానే చెయ్యి ఒకసారి ఆడించాను, 'కానివ్వండి' అన్నట్టు.

దారం వెళ్ళింది. మళ్ళీ వెళ్ళింది. ఆ తర్వాతివి ఇంకా వేగంగా పోయాయి. ఒక్కసారి రక్తం చిమ్మి నా మాస్కు మీద పడింది, "సీసా మార్చు" అని రాజ్యలక్ష్మిగారు ఎవరి మీదో కేకేశారు. నేను దారాలు ఇస్తూనే ఉన్నాను. "పద్నాలుగు" అన్న మాట వినపడగానే బేసిన్లో ఏదో బరువుగా పడిన చప్పుడయింది. క్లాంపు వదిలారు. నేను అప్పుడు తల ఎత్తాను. గడ్డ బేసిన్లో ఉంది. మిగిలిన లివరు రంగు తిరుగుతోంది. ఎక్కడా ఊట లేదు.

టీ తాగే గదిలో డాక్టరుగారు చెమట తుడుచుకుంటూ కూర్చున్నారు. నేను వెళ్ళగానే లేచి నిలబడ్డారు. నా కోసం ఏ డాక్టరూ అంతకుముందు లేచి నిలబడలేదు.

"నేను ఆపేశాను మార్తా" అన్నారు. "గడ్డ పెద్ద సిరకి అంటుకుని ఉంది. నా వల్ల కాదని రాజ్యలక్ష్మిగారి వైపు చూసి తల అడ్డంగా ఊపాను. కట్టినంతవరకూ చాలు, మూసేద్దామనుకున్నాను. నాలుగో మనిషిని కూడా అలాగే పంపేసేవాణ్ణి. నువ్వు చెయ్యి తియ్యలేదు. పైగా ఆడించావు. సిగ్గేసింది నాకు."

"థియేటర్లో అందరం చూశాం" అన్నారు రాజ్యలక్ష్మిగారు, కళ్ళనిండా నీళ్ళతో. "మార్త లాంటి గుండె ఎవరికుంటుంది!"

నేను టీ గ్లాసు అందుకుని ఊదుకుంటూ నిలబడ్డాను. నేను చూడలేదని చెప్పాలి. తల వంచుకుని ఉన్నాను, మీరు ఆపిన సంగతే నాకు తెలియదు, విసుగొచ్చి ఆడించానని చెప్పాలి. చెప్పలేదు. పొగడ్త తియ్యగా ఉండబట్టి కాదు. భయం వేసి. నేను ఒక్కసారి తల ఎత్తి ఉంటే, ఆయన మొహం చూసి ఉంటే, నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసేది. ఇరవై రెండేళ్ళు డాక్టర్ల మొహం చూసి పనిచేసిన చెయ్యి అది. అప్పుడు సీతారావమ్మ ఆరు నెలల్లో పోయేది.

ఆ మాట ఆస్పత్రంతా పాకింది. వాచ్‌మన్ నాకు సెల్యూట్ కొట్టడం మొదలుపెట్టాడు. ఆదివారం చర్చిలో మోకరించి అంతా ఒప్పుకున్నాను, కానీ దేవుడికి ముందే తెలిసిన సంగతి ఆయనకి చెప్పినంత మాత్రాన నా బరువు తగ్గలేదు.

సీతారావమ్మ ఇరవై రెండు రోజులు ఉంది. మొదటి వారం జ్వరం వచ్చి మమ్మల్ని బెదిరించింది, తరవాత తేరుకుంది. ఇంటికి పోయే రోజు జక్కయ్య రిక్షా కోసం వెళ్ళాడు. వరండాలో మేమిద్దరమే ఉన్నాం. ఆవిడ నా రెండు చేతులూ కళ్ళకద్దుకోబోయింది.

"వద్దు" అన్నాను. "నీకు ఒక సంగతి చెప్పాలి. అందరూ అనుకుంటున్నట్టు నేనేమీ ధైర్యం చెయ్యలేదు. డాక్టరుగారు ఆపేసిన సంగతి నేను చూడలేదు. దారాల వంకే చూస్తున్నాను. చూసి ఉంటే చెయ్యి తీసేసేదాన్ని, సీతారావమ్మా. నిజంగా తీసేసేదాన్ని. నువ్వు బతికావంటే నా పొరపాటు వల్ల."

ఆవిడ మొహం పాలిపోయింది. చావు ఎంత దగ్గరగా వచ్చి పోయిందో అప్పుడే తెలిసినట్టుంది. కుట్ల మీద చెయ్యి పెట్టుకుని రోడ్డు వంక చూసింది.

"డాక్టరుగారికి చెప్పారాండీ?"

"లేదు. ఇవాళ చెప్దామని."

"చెప్పబాకండి."

"అదేమిటి?"

"ఆయన ఇంకోళ్ళ పొట్ట కొయ్యాల్సిన మనిషండి. మీ చెయ్యి చూసి కోశానని అనుకుంటన్నాడు. అలాగే అనుకోనియ్యండి." రిక్షా గేటు దగ్గర ఆగింది. ఆవిడ మెల్లగా లేచింది. "ఆ బరువేదో మీరే మొయ్యండి, సిస్టరుగారూ. నా కోసం" అంది. నేను భుజం పట్టుకుని మెట్లు దింపాను.

చెప్పలేదు.

నవంబరులో ఉయ్యూరు వైపు నుంచి బసవయ్య అని ఒక రైతు వచ్చాడు. అదే లివరు, అదే రకం గడ్డ, అదే పెద్ద సిర పక్కన. ఈసారి మేక కార్జాలు అక్కర్లేకపోయాయి. డాక్టరుగారు నలుపుతున్నారు, నేను అందిస్తున్నాను. తల వంచుకునే ఉండాలని గట్టిగా అనుకుని వచ్చాను. కానీ మనిషికి ఒకసారి సంగతి తెలిశాక ఎలా ఉంటుందో, తొమ్మిదో నిమిషంలో దారం పోవడం ఆగగానే నా తల దానంతటదే లేచింది.

ఆయన వేళ్ళు ఆగిపోయి ఉన్నాయి. వేళ్ళ మధ్యన నీలంగా సిర, దానికి ఆనుకుని గడ్డ. ఆయన రాజ్యలక్ష్మిగారి వైపు చూడటం లేదు. నా చేతి వంక చూస్తున్నారు. తియ్యమంటే తీస్తాను, మూసెయ్యమంటే మూసేస్తాను అన్నట్టు, అంత చదువుకున్న మనిషి, నా చేతి వంక చూస్తున్నారు.

నేనూ చూశాను. సిర చూశాను. గడ్డకీ సిరకీ మధ్య గోరు పట్టేంత సందు ఉందనిపించింది. ఉందో, ఉండాలని నాకు అనిపించిందో తెలియదు. బయట బెంచీ మీద బసవయ్య భార్య కూర్చుని ఉందని గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి లాక్కోవాలని ప్రాణం కొట్టుకుపోయింది.

చెయ్యి ముందుకే పెట్టాను. ఫోర్సెప్స్ కొసన దారం గజగజ వణుకుతోంది.

"చెయ్యి వణుకుతోందేం మార్తా?" అన్నారాయన మెల్లగా.

"ఈసారి చూస్తున్నానండీ" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. దారం మాత్రం అందుకున్నారు.